పెద్దబాపు కొలతల మీద మా తొలి ఆల్బం

నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చేవాళ్ళు మూడు రకాలు. గ్యాస్ సిలిండర్ తెచ్చేవాళ్ళు, పక్కింటి చిరునామా అడిగేవాళ్ళు, నా హాస్య వ్యాసాల్లో తమ మామగారిని గుర్తుపట్టి నిలదీయడానికి వచ్చేవాళ్ళు. ఈ వేసవిలో వచ్చిన అమ్మాయి ఈ మూడింట్లో దేనికీ చెందలేదు. ఇరవై మూడేళ్ళుంటాయేమో. నల్ల టీషర్టు, వీపు మీద తనకంటే రెండింతలు పొడవున్న గిటార్ సంచి, చేతిలో రంగు వెలిసిన క్యాసెట్టు. మా సీతాఫల్‌మండి సందుల్లో స్కూటీ నిలపడానికి చోటు దొరక్క గంటసేపు తిరిగిందట. అప్పటికి మా వీధి కుక్కలకు ఆమె పేరు, గోత్రం కూడా తెలిసిపోయి ఉండాలి. పేరు నవ్య అని మాకు తర్వాత చెప్పింది. గుమ్మంలో నిలబడి, "అంకుల్, హాట్ ఐరన్ డ్రమ్మర్ మీరేనా?" అని అడిగింది. వంటింట్లోంచి మా ఆవిడ, "డ్రమ్మేంది? నీళ్ళ డ్రమ్మా? మేం అమ్మం అని చెప్పు," అంది.

ముప్పై అయిదేళ్ళుగా ఆ ప్రశ్న ఎవరైనా అడగకపోతారా అని ఎదురుచూశాను. ఎక్కడ అడుగుతారోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాను. ఎదురుచూపు ఎందుకంటే, హాట్ ఐరన్ అనే హార్డ్ రాక్ బృందం తీసిన తొలి ఆల్బం, మలి ఆల్బం లేదు కాబట్టి ఆఖరి ఆల్బం కూడా, సికింద్రాబాద్ సంగీతాన్ని మలుపు తిప్పిందని నా నిశ్చితాభిప్రాయం. తిప్పింది నేనే, నా చేతుల్తో. భయం ఎందుకో ఆ అమ్మాయే బయటపెట్టింది. తన సంచిలోంచి చిన్న ప్లేయర్ తీసి, ఆ క్యాసెట్టు పెట్టి, మొదటి పాట సగానికి వచ్చాక వేలెత్తి చూపించింది. "ఇగో, ఇక్కడ. గిటార్ కింద ఎవరో మాట్లాడుతున్నరు అంకుల్. మా డాడీ కాలేజ్‌ల ఉన్నప్పటి నుంచి అందరు అడుగుతనే ఉన్నరంట. ఆ వాయిస్ ఎవరిది?"

నేను మజ్జిగ తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళాను. మజ్జిగ కలపడానికి నాకు పావుగంట పట్టింది. మామూలుగా అర నిమిషం పడుతుంది.

ఆ గొంతు మా పెద్దబాపుది. మా నాన్నకు అన్న. మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. రెజిమెంటల్ బజార్‌లో ఆయనకు దర్జీ దుకాణం ఉండేది. సివిల్ బట్టలు ముట్టేవాడు కాదు, అన్నీ సిపాయిల యూనిఫారాలే. దుకాణం అగ్గిపెట్టెంత, పేరు మాత్రం ఢిల్లీ దాకా అని ఆయన అనేవాడు. మేం కాజీపేట దాకా ఒప్పుకున్నాం. మనిషి కనబడితే ముందు మొహం చూడటం అందరికీ అలవాటు. పెద్దబాపు భుజాలు చూసేవాడు. పెళ్ళిళ్ళలో అక్షింతలు వేస్తూ, "పిలగాని ఎడమ భుజం అరంగుళం కిందికున్నది, ఇంటోళ్ళు చూసుకున్నరా లేదా," అని మా నాన్న చెవిలో అంటే, ఆ మాట మూడు వరసల దాకా వినబడేది. ఇంట్లో ముందుగది ఆయన కత్తిరింపుల గది. దాన్ని ఖాకీ గది అనేవాళ్ళం. గోడకు గోడకు తాడు కట్టి, సగం కుట్టిన యూనిఫారాలు వేలాడదీసేవాడు. తలల్లేని పటాలం ఒకటి మా ఇంట్లో ఎప్పుడూ సావధాన్‌లో ఉండేది. తడిపిన ఖాకీ మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె పెడితే లేచే ఆవిరి, అందులో గంజి, మాడిన నూలు, మిషన్ నూనె కలిసిన వాసన. ఆ వాసన మా అన్నంలోకి, చారులోకి, బడిలో నా పుస్తకాల్లోకి కూడా వచ్చేది. మా బృందానికి హాట్ ఐరన్ అని పేరు పెట్టింది ఆ ఇస్త్రీ పెట్టెను చూసే.

పెద్దబాపు పనితనంలో ఒకే ఒక్క లోపం, చేతిరాత. ఆయన రాసిన కొలతలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. మర్నాటికి ఆయనకూ కాదు. పైగా ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో సుద్దముక్క, రాయడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు. అందుకని ఒక హవల్దారు ఎక్కణ్ణించో తెచ్చిన టేప్ రికార్డర్‌ను ఆయన దగ్గర తీసుకుని, దుకాణంలో బల్ల మీద పెట్టి, కొలతలు దానికి చెప్పడం మొదలుపెట్టాడు. "ఛాతీ నలభై." కొంచెం ఆగడం. "నడుము ముప్పై రెండు." కొంచెం ఆగడం. సాయంత్రం ఆ పెట్టె ఇంటికి వచ్చేది. పెద్దబాపు స్నానం చేసి జొన్నరొట్టె ముందు కూర్చుంటే, పక్కనే పెద్దమ్మ నోటుబుక్కు, పెన్ను పట్టుకుని పెట్టె ముందు కూర్చునేది. పెట్టెలోంచి "ఛాతీ నలభై" అని వచ్చేది. పెద్దమ్మ "ఆ" అని రాసుకునేది. "నడుము ముప్పై రెండు." "ఆ." దుకాణంలో ఆయన మధ్యమధ్య ఆగేది ఈ "ఆ" కోసమే. రెజిమెంటల్ బజార్‌లో నిలబడి, ఇంటి దగ్గర పెద్దమ్మ సాయంత్రం ఎప్పుడో అనబోయే మాటకు చోటు వదిలి, ఆ చోటులో తల కూడా ఊపేవాడు. చొక్కా విప్పి నిలబడ్డ సిపాయి, ఈ మాస్టరు ఎవరికి తల ఊపుతున్నాడా అని వెనక్కి తిరిగి చూసుకునేవాడట.

చిన్నప్పుడు నాకు అది వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఒకే గదిలో ఇద్దరు పెద్దబాపులు, ఒకాయన మాట్లాడకుండా రొట్టె నమలడం, ఇంకొకాయన పెట్టెలోంచి మాట్లాడటం, పెద్దమ్మ నమిలే ఆయన వైపు చూడకుండా మాట్లాడే ఆయనకు జవాబు చెప్పడం. వాళ్ళిద్దరూ రోజు మొత్తంలో చెప్పుకున్న మాటలు అవే అంటే అతిశయోక్తి కాదు. నా రాతల్లో అతిశయోక్తి కానిది ఏదైనా ఉంటే ఆ వాక్యమే.

కొలతలు రాసుకోవడం అయ్యాక ఆ క్యాసెట్టు పని అయిపోయినట్టే. మర్నాడు దాని మీదే కొత్త కొలతలు. మా ఇంట్లో క్యాసెట్టంటే పలక, రాయడం, చెరపడం. పాటల క్యాసెట్టు వేరు, కొలతల క్యాసెట్టు వేరు అని పుట్టుకతోనే మాకు తెలుసు. తర్వాత జరిగిన దానికి నేను ఇచ్చుకునే సంజాయిషీ అంతా ఇదే. ఇప్పటికి వెయ్యిసార్లు ఇచ్చుకున్నాను, నాకు నేనే.

ఒకరోజు సాయంత్రం పెద్దబాపు పెట్టె తెచ్చి గూట్లో పెట్టి, ఛాతీలో బరువుగా ఉందని పడుకుని, మళ్ళీ లేవలేదు. పెట్టెలో ఆనాటి క్యాసెట్టు అట్లాగే ఉండిపోయింది. ఎవరి కొలతలో, ఎందరివో, పెద్దమ్మ వినలేదు. పన్నెండో రోజు అయ్యాక దాన్ని తీసి, బిస్కెట్ల డబ్బాలో గుండీల కింద దాచి, "తర్వాత ఇంట," అందట మా అమ్మతో. ఆ మాట నేను వినలేదు. నేను ఆ సమయంలో ప్రసాద్ వాళ్ళ మేడ మీద తపేలాలు బోర్లించి దరువు ప్రాక్టీసు చేస్తున్నాను.

ప్రసాద్ మా గాయకుడు, గిటారిస్టు. వాళ్ళ నాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గర మందుల దుకాణం పెట్టుకున్నాడు. ప్రసాద్ పాట మొదలుపెడితే దుకాణంలో తలనొప్పి బిళ్ళలు ఎక్కువ అమ్ముడుపోయేవని ఆయన ఫిర్యాదు, సంతోషం కలిపి చెప్పుకునేవాడు. మిగతా ఇద్దరి పేర్లు రాయను. ఒకరిప్పుడు పెద్ద అధికారి, ఇంకొకరు భజన మండలి నడుపుతున్నారు, ఇద్దరూ వద్దన్నారు. ఆరు పాటలు కట్టాం. భాష ఇంగ్లీషు, ఏ దేశపు ఇంగ్లీషో మాత్రం ఇప్పటికీ తేలలేదు. నా డ్రమ్ సెట్టులో పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర తెచ్చిన సైడ్ డ్రమ్ము ఒకటి, పెద్దబాపు మిలిటరీ ట్రంకు పెట్టె ఒకటి, రెండు స్టీలు పళ్ళాలు.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఇంట్లోవాళ్ళంతా భువనగిరిలో పెళ్ళికి వెళ్ళారు. ఆ మధ్యాహ్నం ఖాకీ గదిలో మా తొలి ఆల్బం రికార్డయింది. ఆ గదే ఎందుకంటే, నాలుగు పక్కలా మందపాటి ఖాకీ వేలాడుతుంది కాబట్టి చప్పుడు బయటికి పోదు. పెద్దబాపు పోయాక ఆ యూనిఫారాలు తీయడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. తలుపు గడియ పెట్టాం, కిటికీలకు గోనెపట్టాలు కొట్టాం, చప్పుడవుతుందని ఫ్యాను ఆపేశాం. మే నెల, నలుగురం, బొగ్గుల పొయ్యి లాంటి గది. మేం కొని తెచ్చిన కొత్త క్యాసెట్టును, మూడు నెలలుగా మూలన పడి ఉన్న పెద్దబాపు రికార్డర్ మొదటి పాటలోనే నమిలి, సేమ్యా చేసి బయటికి ఉమ్మింది. బజారు మూసి ఉంది, పెళ్ళివాళ్ళు సాయంత్రానికి వస్తారు. నేను బిస్కెట్ల డబ్బా తెరిచి, గుండీల కింద చెయ్యి పెట్టి, పేరు రాయని క్యాసెట్టు ఒకటి తీశాను. "కొలతలదేరా, ఏం కాదు," అన్నాను. ఆ మాట అన్నది నేనే.

గంటన్నరలో ఆరు పాటలూ అయిపోయాయి. అయిదో పాట మధ్యలో ప్రసాద్ ఆగిపోతాడు, గిటార్లు ఆగిపోతాయి, నేను ఒక్కణ్ణే ట్రంకు మీద నలభై సెకన్లు దరువు వేస్తాను. ఆ నలభై సెకన్లలో నా అరచేతులు చిట్లాయి, ట్రంకు సొట్టపడింది, నా ఆయుష్షులో కొంత ఖర్చయింది. ఆ తర్వాత నేను చేసినవేవీ దానికి సాటి రావు. చెమట తుడుచుకుని, టేపు వెనక్కి తిప్పి, నలుగురం నేల మీద కూర్చుని విన్నాం.

మొదటి పాట సగంలో గిటార్ కాస్త తగ్గే చోట ఎవరో మాట్లాడారు. ప్రసాద్ నా వైపు చూశాడు. "ఎవర్రా మధ్యలో మాట్లాడింది? చెప్పాను కదా నోరు మూసుకోమని."

"నేను కాదు," అన్నాను. మిగతా ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. టేపు నడుస్తూనే ఉంది. దూరంగా, బావి అడుగున నిలబడి ఎవరో చెబుతున్నట్టు, తొందర లేకుండా, "మెడ పదిహేనున్నర," అని వినిపించింది. తర్వాత కొంచెం ఆగడం.

ప్రసాద్ చెయ్యి తన కాలరు మీదికి వెళ్ళింది. "నాది పదిహేనున్నరేరా," అన్నాడు చాలా చిన్న గొంతుతో. అంత చిన్న గొంతు వాడికి ఉందని మాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు నలుగురం ఒకేసారి తలలెత్తి చూశాం. తాళ్ళ మీద యూనిఫారాలు నాలుగు పక్కలా మమ్మల్ని చుట్టి నిలబడి ఉన్నాయి. కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్యాను ఆగి ఉంది, గాలి అన్నది ఆ గదిలో మూడు గంటలుగా లేదు. కిటికీ పక్కనున్న చొక్కాకు ఒక చెయ్యి మాత్రమే కుట్టి ఉంది. ఆ చెయ్యి నెమ్మదిగా ముందుకు వచ్చి, నెమ్మదిగా వెనక్కి పోయింది. నేను గోరంతను కొండంత చేసి రాసేవాణ్ణని మీకు తెలుసు. ఈ ఒక్క చోట తగ్గించి రాస్తున్నాను. భజన మండలి నడిపే అతను ఆ మధ్యాహ్నమే భజనలోకి దిగాడని నా అనుమానం.

దీనికి కారణం నాకు తర్వాత స్టేషన్ దగ్గర రికార్డింగు దుకాణం ఆయన చెప్పాడు. టేప్ రికార్డర్లో రెండు హెడ్‌లుంటాయట. ఒకటి పాతదాన్ని చెరుపుతూ పోతుంది, దాని వెనకాలే ఇంకొకటి కొత్తదాన్ని ఎక్కిస్తుంది. "మీ చెరిపే హెడ్ సగం సచ్చింది తమ్మీ. కింద పాతది అట్లనే ఉన్నది," అన్నాడు. కారణం తెలిశాక భయం పోతుందని పుస్తకాల్లో రాస్తారు. సగం చచ్చింది అనే మాట నన్ను ఇంకో ఆర్నెల్లు నిద్రపోనివ్వలేదు.

పెళ్ళి నుంచి వచ్చిన రెండు వారాలకు పెద్దమ్మ బిస్కెట్ల డబ్బా తెరిచింది. గుండీలన్నీ చాటలో పోసి వెతికింది. మూడు రోజులు ఇల్లంతా, పరుపుల కింద, పప్పు డబ్బాల్లో, దేవుడి గూట్లో వెతికింది. అంతకు ముందు వారమే కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ పీలికల మూటను బొంతలు కుట్టేవాళ్ళకు ఇచ్చేసింది. మూడో రోజు మధ్యాహ్నం గడపలో కూర్చుని, మా అమ్మతో, "పీలికల మూటల పోయుంటది. నా చేతులతోనే పారేసుకున్న. ఆయన ఆఖరి మాట నేను ఇననే లేదు," అంది. గొంతులో ఏడుపు కూడా లేదు. నేను రెండడుగుల దూరంలో పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాను. క్యాసెట్టు నా చొక్కా జేబులో ఉంది. నోరు తెరిచి అన్నం ముద్ద పెట్టుకున్నాను.

ఆ తర్వాత పెద్దమ్మ దగ్గర ఒక అలవాటు మొదలైంది. ఇంట్లోంచి ఏ గుడ్డముక్క బయటికి పోవాలన్నా, దాన్ని విప్పి, రెండు వైపులా దులిపి, చేత్తో తడిమి చూసేది. పాత చీరలు, మసిగుడ్డలు, చివరికి పిల్లల పొత్తిగుడ్డలు కూడా. మా ఇంట్లో అందరూ దాన్ని చాదస్తం అనుకున్నారు. కారణం తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే, నేనూ అందరితో కలిసి నవ్వాను.

ఈలోగా ఆల్బం లోకంలోకి పోయింది. మేం చేసిన కాపీలు పదకొండు. రికార్డింగు దుకాణం ఆయన చేసినవి పదకొండు లక్షలుంటాయి, కనీసం నూట పది. ఇంజినీరింగు కాలేజీల హాస్టళ్ళలో తలుపులు మూసుకుని వినేవాళ్ళట. దయ్యం గొంతు ఉన్న ఆల్బం అన్నారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే నీ కొలతలే చెబుతుంది అన్నారు. ఆ తర్వాత సికింద్రాబాద్‌లో పుట్టిన ప్రతి రాక్ బృందమూ మొదటి పాట మధ్యలో గిటార్ తగ్గించి, బొంగురు గొంతుతో ఏవో అంకెలు గొణిగేది. ఎందుకు గొణుగుతున్నారో వాళ్ళకు తెలియదు, అట్లా గొణగకపోతే అది హార్డ్ రాక్ కాదనుకున్నారు. ఒకసారి ఒక కాలేజీ పండుగలో పొగల మధ్య నిలబడి జులపాల కుర్రాడొకడు "నడుము ముప్పై నాలుగు" అని గర్జిస్తే, వెయ్యిమంది తలలూపారు. వాళ్ళ మధ్య నిలబడి నేను కూడా ఊపాను. రెజిమెంటల్ బజార్‌లో పెట్టె ముందు తల ఊపిన మనిషి గుర్తొచ్చాడు.

మజ్జిగ తెచ్చి ఇచ్చాక ఇదంతా నవ్యకు చెప్పాను. నా జీవితంలో ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. గ్లాసు కింద పెట్టి, "అసలు క్యాసెట్టు ఉన్నదా అంకుల్?" అని అడిగింది. లేదన్నాను. ఆ వెంటనే లేచాను. బీరువా అడుగున, పెళ్ళి కోటు లోపలి జేబులోంచి తీసి ఇచ్చాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయట, పాటలోంచి గొంతును, గిటార్‌ను, దరువును దేనికది విడదీసి పళ్ళెంలో పెడతాయట. వారం తర్వాత ఫోను చేసింది. "వాయిస్ క్లీన్‌గా వచ్చేసింది అంకుల్. ఫిఫ్త్ సాంగ్‌ల మీ డ్రమ్స్ దగ్గర మాత్రం ఏం దొరకలే. ఫార్టీ సెకండ్స్ బ్లాంక్." నా నలభై సెకన్ల దరువు అంత గట్టిగా వేశానా అని ఒక్క క్షణం పొంగిపోయాను. రెండో క్షణంలో ఆ పొంగు చల్లారింది. పెద్దమ్మ ఇంకా విననైనా వినలేదు, అందులో నలభై సెకన్లు నేను అప్పుడే మింగేశాను.

పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగు. సైనిక్‌పురిలో కూతురి ఇంట్లో ఉంటుంది. కూతురు మా సరళక్క, రిటైరైన టీచరు. పెద్దమ్మ కళ్ళు ఇంకా సూది బెజ్జం చూస్తాయి. నవ్య స్కూటీ వెనకాల కూర్చుని, ఒళ్ళో పాత రికార్డర్ పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. ఎండకు రోడ్లన్నీ ఖాళీ. ఇళ్ళన్నీ కళ్ళు మూసుకున్నట్టున్నాయి. పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని మనవడి చొక్కాకు కాజా కుడుతోంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. దారంతా తయారు చేసుకున్న ఉపోద్ఘాతం పక్కన పెట్టేశాను.

"పెద్దమ్మా, పెద్దబాపు ఆఖరి క్యాసెట్టు ఉండె గద."

"ఉండె. పీలికలల్ల పారేసిన."

"నువ్వు పారెయ్యలే. నేను తీస్కున్న."

సూది ఆగింది. "ఎందుకు?"

"మా పాటలు రికార్డు చేసుకోనీకి."

"ఎన్ని పాటలు?"

"ఆరు."

"మంచిగొచ్చినయా?"

సరళక్క తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ దారం కొరికి, సూదిని జాకెట్టుకు గుచ్చుకుని, "ఇన్నేండ్ల సంది ప్రతి గుడ్డా దులుపుకుంట కూసున్ననురా సీనిగా. నువ్వు చూసుకుంటనే ఉన్నవు," అంది. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో, తిట్లు నేను రాయగలను.

నవ్య తన స్పీకరు బల్ల మీద పెట్టి, శుభ్రం చేసిన గొంతు వినిపించింది. "ఛాతీ ముప్పై ఎనిమిది." ఆ గదిలోనే, మా మధ్యే, ఒక మనిషి నిలబడి చెప్పినట్టు వచ్చింది. ఖంగుమంది. సరళక్క, "బాపూ," అని గోడకు ఆనుకుంది. నేను పెద్దమ్మ "ఆ" కోసం చూశాను. పెద్దమ్మ అనలేదు. "నడుము ముప్పై." ఖాళీ. "చెయ్యి ఇరవై మూడున్నర." ఖాళీ. పెద్దమ్మ మొహం ముడుచుకుపోతోంది.

"ఆపు బిడ్డా," అంది. "ఈయన ఆయన గాదు."

"ఆయనే అమ్మమ్మా," అంది నవ్య. "ఒరిజినల్ వాయిసే అది. నేనే సపరేట్ చేసిన."

"గొంతు ఆయనదే. ఊపిరేది? ఆయనకు మాటకు మాటకు నడుమ పిల్లికూతలు వస్తుండె. నేను 'ఆ' అనేది అవి ఇనే. అవి ఆగితే రాసుకుంటుంటి. ఈడ నిలబడి చెప్తున్న మనిషి ఊపిరి తీస్తలేడు. నాకు భయమైతున్నది, బంద్ చెయ్యి."

నవ్య నా వైపు చూసి మెల్లగా చెప్పింది, "కూతలను నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్ తీసేసింది అంకుల్." పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో పెరిగిన నాకు ఆ కూతలు జ్ఞాపకమే లేవు. నా బుర్ర కూడా శుభ్రం చేసేసింది.

మిగిలింది ఒక్కటే. పాత రికార్డర్ బల్ల మీద పెట్టి, అసలు క్యాసెట్టు వేసి, చప్పుడు పూర్తిగా పెంచాను. సైనిక్‌పురి నిద్ర మీద హాట్ ఐరన్ విరుచుకుపడింది. ప్రసాద్ అరిచాడు, గిటార్లు గీపెట్టాయి, నా స్టీలు పళ్ళాలు మోగాయి. పక్కింటి కర్నలుగారి కుక్క మొరగడం మొదలుపెడితే సరళక్క కిటికీలు మూసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి చెవి రికార్డర్‌కు ఆనించి, కళ్ళు మూసుకుని ఆ రభస లోపలికి దిగిపోయింది. మాకు ఏమీ వినబడని చోట ఒక్కసారి వేలెత్తింది. "వచ్చింది," అంది. "కూత ఇన్నవా? అగో." తర్వాత అంది, "ఆ."

సరళక్క పరుగున వెళ్ళి పిల్లల నోటుబుక్కు, పెన్ను తెచ్చింది. పెద్దమ్మ "ఆ" అంటూ రాస్తోంది. మా పాటలు ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. ఆమెకు వాటితో పనిలేదు. ఒకప్పుడు పెట్టె ముందు కూర్చుని ఎట్లా రాసేదో అట్లాగే రాస్తోంది, పక్కన రొట్టె నమిలే మనిషే లేడు. నేను మాత్రం ఒకటికి రెండుసార్లు పక్కకు చూశాను. ఏ ఊరి సిపాయిలో, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో, ఏ కొలతకు వచ్చారో, ఆమె నోటుబుక్కులో మాత్రం అందరూ ముప్పై ఎనిమిది, నలభై ఛాతీలతో వరసగా నిలబడుతున్నారు. ఇప్పుడు మా ఇంట్లో అయిదు ఫోన్లున్నాయి, ఎవరి గొంతు కావాలన్నా నిమిషంలో దొరుకుతుంది. ఒక్కదాంట్లోనూ జవాబు కోసం వదిలిన చోటు లేదు.

అయిదో పాట వచ్చింది. ప్రసాద్ ఆగాడు, గిటార్లు ఆగాయి. ట్రంకు మీద నా దరువు మొదలైంది. పెద్దమ్మ కళ్ళు తెరిచింది.

"సీనిగా, ఈడ ఏందో అంటున్నడు. నీ దరువు జెర ఆపు."

"ఆపనీకి రాదు పెద్దమ్మా. అండ్లనే ఉన్నది అది."

ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. నలభై సెకన్లు ఎంత పొడవో నాకు ఆ రోజు తెలిసింది. ఎక్కడ తగ్గినా చాలని నా చేతులకే దండం పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళ ఆ చేతులు ఎక్కడా తగ్గలేదు. దరువు మధ్యలో పెద్దమ్మ, "ఆ," అంది. కొంచెం ఆగి మళ్ళీ, "ఆ." పెన్ను కదల్లేదు. మూడోసారి ఆమె అన్న "ఆ" కొలతకు అనేది కాదు. తల కొద్దిగా పక్కకు వంచి, కొంగు భుజం మీదికి సర్దుకుని, లోగొంతుకతో అంది. నవ్య నా మోచెయ్యి పట్టుకుంది.

దరువు ఆగింది, గిటార్లు లేచాయి. పెద్దమ్మ పెన్ను మళ్ళీ నడిచింది. పాట అయ్యాక నేను అడిగాను. "పెద్దమ్మా, నడుమ దరువు కాడ ఏమన్న ఇనబడ్డదా?"

నోటుబుక్కులో గీత గీసి, "నీకు ఇనబడలేదా?" అంది.

"లేదు. ఏమన్నడు?"

"రాసుకునేటిది గాదు," అంది పెద్దమ్మ. "ఎనుకకు తిప్పు. ఆ పాటే మళ్ళొకసారి పెట్టు."